ఇంటూ గుర్తున్న మూత

మధ్యాహ్నం మేస్త్రీ గుమ్మంలోకి వచ్చేసరికి ఆరాగారు మొరాయిస్తున్న పెన్నును విదిలిస్తున్నారు. ఏ సంగతైనా అంతు తేలేదాకా ఆరా తీస్తూనే ఉంటారని ఆ ప్రైవేటు డిటెక్టివుకు వీధివాళ్ళు పెట్టిన పేరది. రిపోర్టులు టైపు చేసే మేనకోడలికి ఆయన తెలివి మీద ఎంత గురో, ఆ పెన్ను మీద అంత ఒళ్ళుమంట.

"అయ్యా, ఇరవై ఏళ్ళుగా బళ్ళు బాగుచేస్తున్నాను. ఇవాళ నన్ను మోసగాడన్నారు," అన్నాడు మేస్త్రీ. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

నిన్న డాక్టరమ్మ కారు సర్వీసింగుకు వచ్చింది. ఇంజన్ ఆయిల్ పోసేచోట ఉండే మూత తీసి చూస్తే రబ్బరు పగిలింది, మర అరిగింది. ఆ సంగతి ఆవిడకు చెప్పి కొత్త మూత బిగించాడు. ఇవాళ ఉదయం ఆవిడ ఆస్పత్రికి వెళ్తుంటే దారిలో మూత ఊడి, ఆయిలు వేడి ఇంజన్ మీద చిమ్మి, బానెట్ సందుల్లోంచి ఒకటే పొగ. అదృష్టం బాగుండి వెంటనే ఆపింది. కారును ఇంటికి లాక్కొచ్చినవాళ్ళు బానెట్ తెరిచి ఆవిడ భర్తకు చూపిస్తే, ఇంజన్ పక్కన ఇరుక్కుని ఉన్నది రబ్బరు పగిలిన పాత మూతే.

"కొత్తది వేశానని చెప్పి పాతదే పెట్టావన్నారయ్యా. ఆస్పత్రి అంబులెన్సులు నేనే చూస్తున్నాను. అక్కడ ఆవిడే పెద్ద. సాయంత్రానికల్లా వేరే షెడ్డుకు అప్పగిస్తారట. మాట పోయాక నా షెడ్డు గడప ఇంకెవరు తొక్కుతారు?"

"తీసేసిన సామాను ఏం చేస్తావు?"

"పొట్లం కట్టి బండివాళ్ళకే ఇస్తానండి, కళ్ళారా చూసుకుంటారని. నిన్నా డాక్టరమ్మ చేతికే ఇచ్చాను."

"కట్టే ముందు?"

"స్క్రూడ్రైవరుతో ఇంటూ గుర్తు గీస్తాను. పొరపాటున మళ్ళీ ఏ బండికీ ఎక్కకూడదుగా!"

ఆరాగారు పెన్ను పక్కన పెట్టి లేచారు. మేనకోడలూ వెంట బయల్దేరింది.

డాక్టరమ్మ భర్త లెక్కల లెక్చరరు. మేస్త్రీని చూడగానే ముఖం చిట్లించాడు. బానెట్ తెరవమంటే ఏదో మీట లాగాడు; వెనక డిక్కీ తెరుచుకుంది. మరొకటి లాగితే పెట్రోలు మూత తెరుచుకుంది. మేనకోడలు నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది.

"తప్పుకోరా నాయనా," అంటూ అతని తండ్రి వచ్చాడు. కాళ్ళకు తీగతో కుట్టిన చెప్పులు. ఒక్క లాగుతో బానెట్ తెరిచాడు. "అద్దం తుడిచే నీళ్ళు రోజూ పొద్దున్నే నేనే పోస్తాను. వీడికి కారెక్కడం, దిగడం తప్ప ఏమీ తెలియదు."

బానెట్ లోపలంతా ఆయిలు మరకలే. ఊడిన మూత ఓ పక్కన కాగితం మీద ఉంది. మేనకోడలు గుడ్డతో తుడిచింది. జిడ్డు కింద రెండు గీతలు ఒకదానికొకటి అడ్డంగా మెరిశాయి. ఆమె నోరు తెరవబోతే ఆరాగారు కళ్ళతోనే వారించారు.

హాల్లో సోఫాకు కొన్ననాటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. టీవీ రిమోటు కూడా కవరులోనే ఉంది. గోడ మేకుకు, ధర చీటీ కూడా తీయని కొత్త గొడుగు, దాని పక్కనే ఊచ విరిగితే కట్టు కట్టిన పాత గొడుగు వేలాడుతున్నాయి. ఆరాగారు వాటివైపు కాస్త ఎక్కువసేపే చూశారు.

"పొట్లమా? ఇచ్చాడు. విప్పకుండా ఈ బల్ల మీదే పడేశాను. తర్వాత ఏమైందో!" అంది డాక్టరమ్మ.

ఆరాగారు అందరినీ కూర్చోమన్నారు. మూతను బల్ల మీద పెట్టి, గుర్తు కనబడేలా తిప్పారు.

"మోసం చేసేవాడు పనికిరాదని గుర్తు గీసి మరీ దీన్ని బిగిస్తాడా? గుర్తు ఉందంటే ఇది కారులోంచి బయటికొచ్చి, పొట్లంలో చేరి, ఈ ఇంటికి వచ్చినట్టే. ఇక్కడినుంచి మళ్ళీ ఇంజన్ మీదికి ఎక్కింది. ఎక్కించిన మనిషికి బానెట్ తెరవడం తెలిసుండాలి. లెక్చరరుగారికి తెలియదని చూశాం. డాక్టరమ్మ పొట్లమే విప్పలేదు." ఆయన గొంతు తగ్గించారు. "పెద్దాయనా, కొత్త వస్తువులన్నీ ఎక్కడ దాస్తారు?"

పెద్దాయన లేచి బీరువా తెరిచాడు. కొత్త చెప్పుల జత వెనకనుంచి కాగితం పొట్లం తెచ్చి విప్పాడు. అందులో నల్లగా నిగనిగలాడుతూ కొత్త మూత!

"పాతది నిక్షేపంలా కనిపించింది బాబూ. ఇంకో ఏడాది వస్తుందనుకున్నా. కొత్తది అప్పుడే వాడేస్తే పాడైపోదూ? పొద్దున్నే మార్చేశాను. పొగ వచ్చిందన్నాక చెప్పడానికి నోరు రాలేదు."

"మామయ్యగారూ!" అని గట్టిగా అరవబోయిన డాక్టరమ్మ, ఆ ముఖం చూసి ఫక్కున నవ్వేసింది.

పెద్దాయన మేస్త్రీ రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా పిసినారితనానికి నువ్వు మాట పడ్డావయ్యా. క్షమించు."

లెక్చరరు కూడా తల వంచుకుని క్షమాపణ చెప్పాడు. మేస్త్రీ కొత్త మూత అందుకుని కారు దగ్గరికి నడిచాడు. ఆయిలు పోసే గొట్టం అంచు తుడిచి, కొత్త మూత రబ్బరు వేలితో తడిమి చూసి, టక్కుమనేదాకా తిప్పాడు. తగ్గిన ఆయిలు కొలిచి పోశాడు.

"రేపు మొదటి అంబులెన్సు పంపుతాను. పాత సామాను మాత్రం ఇకమీదట నీ షెడ్డులోనే ఉంచు, మామయ్యగారి కంటపడనీయకు," అంది డాక్టరమ్మ. మేస్త్రీ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు.

దారిలో మేనకోడలు అడిగింది. "మావయ్యా, పెద్దాయన మీద అనుమానం ఎప్పుడొచ్చింది?"

"రిమోటు చూడగానే."

"రిమోటు చూస్తే అంత దూరం ఎలా తట్టింది?"

ఆయన మాట మార్చారు.

ఆఫీసుకు రాగానే రిపోర్టు రాయడానికి కూర్చుని మళ్ళీ పెన్ను విదిలించారు. తెల్లకాగితాల కోసం సొరుగు లాగిన మేనకోడలికి అట్టడుగున ఒక పెట్టె దొరికింది. రెండేళ్ళ కిందట ఆయన పుట్టినరోజుకు తనే కొనిచ్చిన పెన్ను. రిబ్బను కూడా విప్పలేదు. ఆమె దాన్ని ఆయన ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

ఆరాగారు అడ్డంగా దొరికిపోయారు. "ఆ పెద్దాయన మనసు నాకు కాక ఇంకెవరికి తెలుస్తుందే?" అని గొణుగుతూ రిబ్బను విప్పారు. కొత్త పెన్ను కాగితం మీద మొట్టమొదట రాసిన మాట, మేస్త్రీ నిర్దోషి అని.