షటర్ పడలేదు

పొయ్యి మీద పాలు పొంగుకొస్తుంటే వైశాలి మంట తగ్గించి, అక్షిత జడకి రబ్బరు బిగించింది. పిల్లకి జ్వరం తగ్గింది కానీ, గొంతు నొప్పి తల్లీకూతుళ్ళిద్దరికీ ఇంకా పోలేదు. నాంపల్లిలోని ఆ పాత మేడ కింద అప్పుడే ఆటోల రొద మొదలైంది.

"చాయ్ తెస్తవా, సచ్చినంక తెస్తవా?" గదిలోంచి ప్రణయ్ అరుపు.

గ్లాసు పట్టుకెళ్ళిన వైశాలి గుమ్మంలోనే ఆగిపోయింది. భర్త కుడి చెయ్యి మోచేయి దాకా వాచి, ఎర్రగా మెరుస్తోంది.

"జర దవాఖానకు పోదాం. చెయ్యి చూడుండ్రి ఎట్లైందో."

"చేసేదంత చేసి దవాఖాననా?"

అతను ఎడమ చేత్తో లాక్కుని విసిరిన గ్లాసు గోడకి తగిలి గిర్రున తిరిగింది. కాగే చాయ్ ఆమె పాదాల మీద చిమ్మింది. వెనక్కి జరిగిన ఆమె జుట్టు అందుకోడానికి లేచినవాడు రెండడుగులు వేయకుండానే మంచం కోడుకి తల కొట్టుకుని కూలిపోయాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. పెదాలు నల్లబడ్డాయి.

మొన్న సాయంత్రం ఆబిడ్స్‌లో సూట్‌కేసుల దుకాణం కట్టేసి వచ్చేసరికి, జ్వరంతో ఉన్న పిల్ల ఏడుపు ఆపలేదని అతను బెల్టు తీశాడు. వైశాలి అడ్డం వెళ్ళింది. ఒక చేత్తో ఆమె గొంతు నులుముతూ, అరవకుండా రెండో చేత్తో నోరు మూశాడు. ఊపిరి ఆడక కళ్ళు తేలేస్తుంటే, నోటికందిన ఆ చేతినే ఆమె బలమంతా పెట్టి కొరికింది. నాలుక మీదికి అతని నెత్తురు వచ్చేదాకా వదల్లేదు. పెళ్ళాం కొరికిందని చెప్పుకోడానికి సిగ్గుపడి, దుకాణం షటర్ చేతి మీద పడిందని అతను అందరికీ చెప్పాడు. అదే ఇంట్లో ఉండే అతని తల్లి అనసూయ నమ్మినట్టే కనిపించింది.

ఆసుపత్రిలో డాక్టర్ హైందవి అత్తాకోడళ్ళను పక్కకి పిలిచింది.

"పరిస్థితి బాగాలేదండి. పుండులోని క్రిములు వదిలిన విషం రక్తమంతా పాకింది. మందులు క్రిముల్ని చంపుతాయి గానీ, అవి ఇప్పటికే వదిలిన విషాన్ని ఏమీ చేయలేవు. మా దగ్గర ఒక కొత్త పద్ధతి పరీక్షలో ఉంది. రక్తాన్ని గొట్టంతో బయటికి తెచ్చి, ఒక ఫిల్టర్ గుండా పంపి, తిరిగి ఒంట్లోకే ఎక్కిస్తాం. ఆ ఫిల్టర్‌లో సన్న పూసలుంటాయి. పూసలకి ఎంజైమ్ అతికించి ఉంటుంది. అది రక్తంలో కలవదు, అక్కడే ఉండి దాటిపోయే విషాన్ని తుంచేస్తుంది."

"అయితె పెట్టుండ్రి డాక్టరమ్మా, గింకేంది?" అంది అనసూయ.

"రెండు రకాలున్నాయండి. ఒకటి మట్టి, తుప్పు తగిలిన గాయాలకి. రెండోది మనిషి గొంతులో ఉండే క్రిముల విషానికి. ఒకదాని పని రెండోది చేయదు. ల్యాబ్ రిపోర్టు వచ్చేసరికి రేపవుతుంది, అంతసేపు ఆయన ఆగలేరు. షటరే కదండీ పడింది?"

"ఔ. షటరే," అంది అనసూయ.

తొమ్మిదో తరగతిలో బడి మానిపించిన వైశాలికి డాక్టరమ్మ చెప్పిందాంట్లో సగమే అర్థమైంది. ఆ సగం చాలు, షటర్ అంటే బిగించేది వేరే ఫిల్టర్. ఊరుకుంటే ఎవరూ అడగరు. ఆ చెయ్యి ఇక తన మీదికి లేవదు, పిల్ల మీదికి లేవదు. ఆ ఆలోచన ఎంత చల్లగా వచ్చి కూర్చుందంటే, తన మీద తనకే భయం వేసింది.

"షటర్ పడలే డాక్టరమ్మా. నేనే కొరికిన. నాకు, పాపకు అప్పటికే గొంతు నొప్పి."

అనసూయ చెయ్యి ఆమె చెంప పగలగొట్టింది. జుట్టు చుట్టి పట్టుకుని గోడకేసి లాగింది.

"మొగన్ని కరుస్తవానే? కుక్కవా నువ్వు? వానికేమన్నైతె గీడనే నీ పీక పిసుకుత."

వైశాలి తన మెడ చుట్టూ కప్పుకున్న చున్నీ తనే లాగి పారేసింది. గొంతు మీద నాలుగు వేళ్ళ అచ్చులూ నల్లగా కమిలి ఉన్నాయి.

"పిసుకు అత్తమ్మా. సగం నీ కొడుకు పిసికిండు, మిగిలింది నువ్వు కానియ్యి. గా దినం మా ఏడుపులు బయటికి ఇనపడకుండ నువ్వు వంటింట్ల మిక్సీ తిప్పినవ్ గదా, అండ్ల ఏం రుబ్బినవ్? ఖాళీ జార్ సప్పుడు నాకు తెల్వదా?"

జుట్టు పట్టిన చెయ్యి సడలింది.

డాక్టర్ దూది పుల్లతో వైశాలి గొంతులోంచి చెమ్మ తీయించింది. అక్కడికక్కడే చేసే పరీక్షలో కాసేపట్లోనే తేలింది, గొంతు క్రిమే. రెండో ఫిల్టర్ బిగించారు.

అద్దం అవతల ప్రణయ్ రక్తం గొట్టంలో పాకి, తెల్లటి పూసలున్న డబ్బాలోకి దిగి, మళ్ళీ అతని మెడలోకి వెళ్తోంది. మధ్యలో అతను మూలుగుతూ గొట్టాలు పీక్కోబోతే నర్సులు అదిమి చేతులు కట్టేశారు. అత్తా కోడళ్ళు చెరో మూల నిలబడి చూశారు.

మర్నాటికి బీపీ నిలబడింది. ఇంకో రెండు రోజులకి గొట్టాలు తీసి మామూలు గదికి మార్చారు. అక్షితను లోపలికి తెచ్చారు.

"బిడ్డా..." అంటూ ప్రణయ్ కట్టుకట్టిన చెయ్యి ఎత్తాడు.

పిల్ల రెండు మోచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని గోడకి కరుచుకుపోయింది. "ఏడుస్తలే నాన్నా. నేను ఏడుస్తలే."

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. ప్రణయ్ దాన్ని మెల్లగా దించి దుప్పటి కింద దాచుకున్నాడు. జరిగిందంతా డాక్టరమ్మ అతనికి అప్పటికే చెప్పింది.

"వైశాలీ, నువ్వు జెప్పకుంటె నేను పోతుంటి గదా. ఎందుకు జెప్పినవ్?"

"తెల్వది." అంది ఆమె. "చెప్పకుంటె నేను గూడ నీ లెక్కనే అయిత అనిపిచ్చింది."

అనసూయ మనవరాలి చేతుల్ని ముఖం మీంచి ఒక్కొక్కటిగా తీసింది. ముద్దు పెట్టుకోబోయి, ధైర్యం చాలక ఊరుకుంది. రొంటిన దోపుకున్న తాళంచెవి తీసి కోడలి అరచేతిలో పెట్టింది.

"ఇల్లు నా పేరు మీదుంది ప్రణయ్. ఇయ్యాల్టి సంది తాళంచెవి దీనిది. ఇది తలుపు తీస్తె లోపటికొస్తవ్. తియ్యకపోతె దుకాణంల పండుకుంటవ్. మల్ల చెయ్యి లేసిందంటె, ఠాణాకు నేనే పోత."

కొడుకు తలూపాడు. కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"నన్ను గూడ లోపటికి రానిస్తవా?" అని అనసూయ కోడలిని అడిగింది. ఆమె చూపు నేల మీదే ఉంది.

వైశాలి చాలాసేపు ఏడ్చింది. తర్వాత పిల్లను చంకనెత్తుకుని, ఖాళీగా ఉన్న చెయ్యి అత్త వైపు చాపింది.

"దా అత్తమ్మా. పాపకు ఆకలైతున్నట్టుంది."