రెండో రైలింగు

"ఇది ఎవరి కోసం పెట్టారండీ? బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ల కోసమా?"

డయానా కిరీటితో అన్న మొదటి మాట ఇది. నేను పక్కనే కుర్చీలో ఉన్నాను కాబట్టి ఒక్క అక్షరం కూడా నా చెవి దాటిపోలేదు.

మా వృద్ధాశ్రమం ఉయ్యూరు దాటాక కాలవ పక్కన ఉంటుంది. వెనకవైపు కొత్తగా పెద్ద భోజనాల హాలు, దాన్ని ఆనుకుని ఫిజియోథెరపీ గది, మా గదుల నుంచి అక్కడిదాకా పొడుగాటి వరండా కట్టారు. మేం పట్టుకు నడవడానికి వరండా పొడుగునా గోడకి స్టీలు రైలింగు. ఆ పనులు చూసే ఇంజనీరు కిరీటి. గవర్నర్‌పేటలో అద్దె గది, ఇరవై ఎనిమిదేళ్లు, చొక్కా జేబులో ఎప్పుడూ టేపు. డయానా మా ఫిజియోథెరపిస్టు. మా వ్యాను నడిపే అబ్రహాము కూతురు.

"డ్రాయింగులో మూడడుగులని ఉందండీ. స్టాండర్డ్ హైటు," అన్నాడు కిరీటి.

"ఆ డ్రాయింగుకి ఎప్పుడైనా నడుం వంగిందా?"

డయానా ఆరో నంబరు గది వైపు చెయ్యి చూపించింది.

"అక్కడ సంపూర్ణమ్మగారని ఉన్నారు. తుంటి ఆపరేషనయ్యాక ఏడాదిగా గదిలోనే తింటున్నారు. కొత్త హాలు ఓపెనింగు రోజున అందరితో కూర్చోబెట్టి తినిపిస్తానని ఆమెకి మాటిచ్చాను. ఇంత ఎత్తుకి చెయ్యెత్తితే ఆమెకి భుజం పట్టేస్తుంది. పట్టుకోలేకపోతే నడవరు. ఇంక మీ హాలు ఎంత బాగుంటే మాత్రం ఎవరికి?"

కిరీటి నడుం సగానికి వంచి, చెయ్యి పైకెత్తి రైలింగు పట్టుకుని, అచ్చం మా వయసువాడిలా వరండా చివరిదాకా నడిచి వెళ్లాడు. భుజం రుద్దుకుంటూ వెనక్కి వచ్చాడు.

"తప్పేనండీ. కింద ఇంకోటి వేస్తాను."

తప్పు ఒప్పుకున్న ఇంజనీరుని నా ఎనభై ఏళ్లలో అప్పుడే చూశాను. డయానా కూడా అప్పుడే చూసినట్టుంది, తిట్టడం మర్చిపోయింది.

మర్నాడు మమ్మల్ని ముప్పై నలుగురినీ వరసగా నిలబెట్టి, నేల మీద నుంచి మణికట్టు దాకా కొలిచాడు కిరీటి. టేపు కింది కొస డయానా పట్టుకుంది. నా వంతు వచ్చింది.

"ఇప్పుడిలా ఉన్నాను గానీ అబ్బాయ్, నీ వయసులో నేను ఏడడుగులు. ఓసారి కృష్ణకి వరదొస్తే మూడు రోజులు నీళ్లలో నిలబడాల్సొచ్చింది. కొత్త గుడ్డ తడిపితే ఏమవుతుంది? నేనూ అంతే."

"మరి ఇస్త్రీ చేయించుకోపోయారా తాతయ్యా?" అంది డయానా.

అందరివీ అయ్యాక తను కూడా గోడకి ఆనుకుని నిలబడింది. "నాదీ కొలవండి, చూద్దాం."

"ముప్పై రెండంగుళాలు," అని నోటుబుక్కులో రాసుకున్నాడు కిరీటి.

"నాదెందుకు రాస్తున్నారు? నేనేమన్నా ముసలిదాన్నా?"

బయట వాన మొదలైంది. అతను వానని చూశాడు. ఆమె అతన్ని చూసింది. నేను ఇద్దర్నీ చూశాను. మా వరండాలో టీవీ లేదు మరి.

సాయంత్రం టీ దగ్గర కిరీటి నా పక్కన చేరాడు. గ్లాసు రెండుసార్లు అటూ ఇటూ మార్చాడు.

"తాతగారూ, అబ్రహాముగారు డయానాగారికి... సంబంధాలేమైనా చూస్తున్నారా?"

నాకు నోరు దురద పెట్టింది.

"చూడ్డమేంటయ్యా, కుదిరిపోతేనూ! విశాఖపట్నం కుర్రాడు. నేవీ. సబ్‌మెరైన్లో ఉద్యోగం. నెలకోసారి పైకి తేలి ఫోన్ చేసి మళ్లీ మునిగిపోతాడు."

పకపకా నవ్వుతాడనుకున్నాను. "సంతోషం తాతగారూ," అని సగం టీ వదిలేసి లేచిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక నేను చెప్పినవాటిలో ఒక్కటీ ఎవరూ నమ్మలేదు. ఈ ఒక్కటీ నమ్మాడు మహానుభావుడు.

ఆ మర్నాటి నుంచి డయానాగారు కాస్తా మేడమ్ అయిపోయింది. వన్ టౌన్ బజారుకెళ్లి బ్రాకెట్లు తెచ్చి, దగ్గరుండి ఇరవై ఎనిమిది అంగుళాల ఎత్తులో రెండో రైలింగు బిగించాడు. వారమంతా తల ఎత్తలేదు.

"నేనేమన్నా అన్నానా తాతయ్యా? ఎందుకలా మొహం చాటేస్తున్నాడు?" అని డయానా నన్నే అడిగింది.

"ఎండదెబ్బేమోనమ్మా."

"వానాకాలంలోనా?"

ఓపెనింగు ఆదివారం. సోమవారం కిరీటి కాకినాడలో ఇంకో పనికి వెళ్లిపోతున్నాడు. ఆ సంగతి తెలిశాక నాకు అన్నం సయించలేదు. శనివారం పట్టుకున్నాను.

"అబ్బాయ్, నేవీ లేదు, సబ్‌మెరైనూ లేదు. అంతా నేను కల్పించిందే."

వారం తర్వాత మొదటిసారి నవ్వాడు, ఆ నవ్వు చూడలేకపోయాను. "నా బాధ చూళ్లేక అంటున్నారు. మీరు ఏడడుగులుండేవారని కూడా చెప్పారుగా."

ఆదివారం సంపూర్ణమ్మ ఆరో నంబరు గదిలోంచి బయటికొచ్చింది. ఒక చెయ్యి రెండో రైలింగు మీద, ఇంకో చెయ్యి డయానా చేతిలో. వరండా సగంలో ఆగింది. మేమందరం మెడలు చాచాం. "చీర కుచ్చిళ్లు సర్దుకోనివ్వండర్రా," అని మళ్లీ నడిచింది. రిబ్బను ఆమె చేతే కత్తిరించారు. కిరీటి గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, డయానా చూసింది.

అలవాటు ప్రకారం మైకు నాకిచ్చారు. అందరూ నవ్వడానికి సర్దుకు కూర్చున్నారు.

"నేనొక అబద్ధం చెప్పాను," అన్నాను. హాలు గొల్లుమంది. "విశాఖపట్నంలో సబ్‌మెరైనూ లేదు, అందులో కుర్రాడూ లేడు," అన్నాను. ఇంకా నవ్వారు. నిజం ఇంత కష్టమని నాకప్పటిదాకా తెలీదు.

"అబ్రహామూ! డయానాకి నేవీవాడితో పెళ్లి కుదిరిందని ఈ కిరీటికి చెప్పాను. నువ్వు కుదిర్చావా లేదా, అందరి ముందూ చెప్పు."

కుర్చీలు సర్దుతున్న అబ్రహాము చేతిలోది కింద పెట్టాడు. "నేనా? ఎవరితోనండీ?"

నవ్వులు ఆగిపోయాయి. డయానా కిరీటి వైపు తిరిగింది.

"వారం రోజులుగా మేడమ్ మేడమ్ అన్నది దీనికా?"

"సబ్‌మెరైన్ అన్నారండీ..."

"ఇంజనీరింగు చదివారు! ఈయన చెబితే నమ్మేస్తారా? నన్నొక్క మాట అడగలేకపోయారా? సరే, ఇప్పుడు చెప్పండి. నా చెయ్యి ఎత్తు ఎందుకు రాసుకున్నారు?"

కిరీటి చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఈసారి వాన వైపు చూడలేదు.

"నలభై ఏళ్లు పోయాక మా ఇంట్లోనూ రైలింగు పెట్టాలి కదండీ. అప్పుడు మళ్లీ మీచేత తిట్లు తినకూడదని."

డయానా పెదవి కొరుక్కుంది. "అప్పటికి నా నడుమూ వంగుతుంది. ముప్పై రెండు పనికిరాదు."

"మళ్లీ కొలుస్తానండీ."

"ఏటేటా కొలవాలి."

హాల్లో ఎవరో ఈల వేశారు. ఆ వయసులో పళ్లు లేకుండా ఎలా వేశారో నాకిప్పటికీ అర్థం కాదు. అబ్రహాము మాత్రం ఇంకా నవ్వలేదు.

"మీ అమ్మానాన్నా ఏమంటారు బాబూ?"

"ఒకమ్మాయి బాగా తిట్టిందని అమ్మకి మొదటి రోజే చెప్పానండీ. తీసుకురమ్మంది."

అబ్రహాము కూతురి మొహం చూశాడు. అక్కడ అడగాల్సిందేమీ మిగల్లేదు. "వచ్చే ఆదివారం, మేం చర్చి నుంచి వచ్చాక, మీవాళ్లని తీసుకుని మా ఇంటికి భోజనానికి రా. కాకినాడ నుంచైనా సరే."

"ముందు ఇక్కడ భోజనం సంగతి చూడండి," అని సంపూర్ణమ్మ గరిటెతో బల్ల మీద కొట్టింది. "ఏడాదికి ఒకసారి బయటికొస్తే పప్పు చల్లారబెడతారా?"

అందరం కూర్చున్నాం. కిరీటి నా కంచంలో నెయ్యి వేస్తూ చెవి దగ్గరికి వంగాడు.

"ఒక్క నిజం చెప్పండి తాతగారూ. నిజంగా ఏడడుగులుండేవారా?"

"ఏడడుగుల రెండంగుళాలు. మొహమాటపడి తగ్గించి చెప్పాను."