మంచు కాలువకు ఈ చివర, ఆ చివర

తలుపు విరిగిపోతుందేమో అనిపించింది యామిలేకి.

బయట ఎవరో పిడికిలితో బాదుతున్నారు. సరిగ్గా రొట్టెలు ఓవెన్‌లో పెట్టాల్సిన సమయం. రెండు చేతులకూ పిండి. అలాగే వెళ్లి మోచేత్తో తలుపు లాగింది.

గుమ్మంలో ఒక యువకుడు. తలకు తెల్లటి గుడ్డ, నడుముకు ఏప్రన్, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. అతను ఒక బూటు విప్పి తలకిందులు చేశాడు. చెంబెడు నీళ్లు ఆమె గుమ్మం మీద పడ్డాయి.

"ఈ నీళ్లు మీవే. తిరిగి ఇచ్చేద్దామని వచ్చాను," అన్నాడు.

"నావా?"

"మీరు ఇందాక కాలువలోకి మంచు తోశారా?"

"తోశాను. నిన్న అందరూ తోశారుగా."

"ఎంత ముక్క తోశారు?"

యామిలే చేతులు రెండూ బారుగా చాపింది.

అతను కళ్లు మూసుకున్నాడు. "దాన్ని ముక్క అనరండీ. సోఫా అంటారు."

తకనుమా ఊళ్లో చలికాలమంతా వీధి పక్క కాలువలోకి పొద్దున, సాయంత్రం నది నీళ్లు వదులుతారు. ఇంటి ముందు పేరుకున్న మంచును ఎవరికి వారు ఇనుప మూత ఎత్తి అందులోకి తోస్తారు. నీళ్లు దాన్ని మోసుకుపోయి నదిలో కలుపుతాయి. షరతు ఒక్కటే, చిన్న చిన్న ముక్కలు చేసి తోయాలి. పై ఇంటివాళ్లు పెద్ద ముక్క వేస్తే అది వంపు దగ్గర ఇరుక్కుంటుంది. నీళ్లు ఎగదన్ని కింది ఇంట్లో దూరతాయి.

మూడో వీధిలో అన్నిటికన్నా పై ఇల్లు యామిలే అద్దెకు తీసుకున్నది. అన్నిటికన్నా కిందిది, సోయా పాలతో పన్నీరులాంటి టోఫు చేసే కుమగాయ్ వాళ్ల దుకాణం. ఆమె కొలంబియాలోని కార్తహేనా నుంచి వచ్చి వారం అయింది. ఆ ఊళ్లో మంచు ఉండేది నిమ్మరసం గ్లాసులో మాత్రమే.

"మా టోఫు తొట్లు పడవల్లా తేలుతున్నాయి. మా అమ్మ బల్లెక్కి నిలబడి, ఎవరా మనిషి అని అడుగుతోంది."

"యామిలే అని చెప్పండి."

"పేరు అందరికీ తెలుసండీ. ఈ ఊళ్లో కొత్త కోడిపిల్ల పుట్టినా తెలుస్తుంది. నా పేరు నవోతో."

యామిలే లోపలికి వెళ్లింది. తలుపు మూసేస్తుందనుకున్నాడు నవోతో. ఆమె బకెట్ పట్టుకుని, బూట్లు వేసుకుని బయటికొచ్చింది.

"పదండి."

"ఎక్కడికి?"

"నీళ్లు నావన్నారుగా. తెచ్చుకోవద్దూ?"

నవోతో కోపంగానే ఉండాలనుకున్నాడు. కుదరలేదు. మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. ఆ నవ్వు యామిలే చూసింది. చూడనట్టు ముందు నడిచింది.

దుకాణంలో ఆమె నీళ్లు తోడినంతసేపూ నవోతో తల్లి సెత్సుకో బల్ల దిగలేదు. అంతా అయ్యాక నేలకేసి ఒకసారి చూసింది.

"ఆ మూల వదిలేశావు," అంది.

సాయంత్రం వీధి పెద్ద ఒయికావా వచ్చాడు. డెబ్బై దాటినా నిటారుగా నిలబడే మనిషి.

"అమ్మాయ్, నీ ఇంటి ఓనర్ ఏమన్నాడో గుర్తుందిగా?"

గుర్తులేకేం. ఈ చలికాలం గడపనిస్తాననీ, చివర్లో జరిగే మీటింగ్‌లో వీధివాళ్లు సరేనంటేనే ఇల్లు శాశ్వతంగా ఇస్తాననీ అన్నాడు. ఆ మాట నమ్ముకుని ఉన్నదంతా అమ్మి ఓవెన్ కట్టించుకుంది యామిలే. వీధి కాదంటే ఆమె కల కాస్తా ఇటుకల కుప్ప అవుతుంది.

"కాలువ మొదటిసారి మూసుకుపోతే తప్పు మంచుది," అన్నాడు ఒయికావా. "రెండోసారి మూసుకుపోతే మనిషిది. నేనేమీ చెయ్యలేను."

మర్నాడు పొద్దున నీళ్లు వదలకముందే నవోతో పార భుజాన వేసుకుని పై ఇంటికి వచ్చాడు.

"సాయం చేద్దామని రాలేదు. మా తొట్లను కాపాడుకుందామని వచ్చాను."

"నేనేమీ అనలేదే."

"మీ కనుబొమలు అన్నాయి. సరే, చూడండి. ముక్కలు టోఫు అంత కొయ్యాలి."

"మీ టోఫు ఎంతుంటుందో నాకెలా తెలుస్తుంది?"

మర్నాడు గిన్నెలో టోఫు తెచ్చాడు. ఆమె దాన్ని అక్కడే నిలబడి తినేసి, "ఇప్పుడు కొలత మర్చిపోయాను. రేపు మళ్లీ తెండి," అంది. బదులుగా ఒక రొట్టె ఇచ్చింది. నవోతో దాన్ని వేలితో కొట్టి చూశాడు. టక్కుమంది.

"దీన్ని తినాలా, తలుపుకు అడ్డం పెట్టాలా?"

"పళ్లున్నవాళ్లు తింటారు."

"మా వీధిలో సగం మందికి లేవండీ."

ఎగతాళిగా అన్నాడు గానీ ఆ మాట ఆమెకు ఉలిలా దిగింది. ఆ రోజే అతని దగ్గర సోయా పిప్పి అడిగి తీసుకుంది. పాలు పిండేశాక మిగిలే ఆ పిప్పిని అతను ఇన్నాళ్లూ పందులకు పంపేవాడు. యామిలే దాన్ని పిండిలో కలిపి, నల్లబెల్లం వేసి కాల్చింది. దూదిలాంటి రొట్టె వచ్చింది. వారం తిరిగేసరికి మూడో వీధి మామ్మలందరూ ఆమె గుమ్మం ముందు క్యూ కట్టారు.

సెత్సుకో మాత్రం ఆ గుమ్మం తొక్కలేదు. అయితే నవోతో రోజూ ఒక రొట్టె ఎక్కువ కొనేవాడు.

"అది ఎవరికి?"

"పిల్లికి."

"మీ పిల్లి బెల్లం తింటుందా?"

"తింటుంది. తిని, ఎవరు చేశారో అడగదు. చాలా పౌరుషం గల పిల్లి."

ఇద్దరూ పారల మీద వాలిపోయి నవ్వారు. ఎదురింటి కిటికీలో తెర కదిలింది. తకనుమాలో తెర కదిలిందంటే వార్త బయల్దేరినట్టే.

మీటింగ్ రోజు రానే వచ్చింది. ఆ పొద్దున ఆకాశం తన దగ్గర మిగిలిందంతా ఒక్కసారే కుమ్మరించింది. గుమ్మం సగం పూడిపోయింది. నవోతో వచ్చేసరికి యామిలే తన మంచులో తానే నడుముదాకా కూరుకుపోయి ఉంది.

"చెయ్యివ్వండి."

అతను లాగాడు. ఆమె బయటపడింది. చెయ్యి వదలడానికి ఇద్దరికీ కాస్త ఆలస్యమైంది.

వీధిలో ఇంకెవరూ బయటికి రాలేదు. పై ఇంటి దగ్గర ఒక్కచోటే మూత తెరుచుకుంది. నీళ్లు చిమ్ముకుంటూ పరిగెడుతున్నాయి. ఇద్దరూ చెరోవైపు నుంచి తోయడం మొదలుపెట్టారు.

"భయంగా ఉందా?" అడిగాడు.

"లేదు."

"పార వణుకుతోంది."

"దానికి చలేస్తోంది." ఆమె ఆగింది. గొంతు తేలిగ్గా ఉండేలా చూసుకుంది. "వాళ్లు కాదంటే, నన్ను సాగనంపడానికి స్టేషన్‌కి వస్తారా?"

నవోతో పారను మంచులో గుచ్చాడు. యామిలే అతని వైపు చూసింది. కనురెప్పల మీద మంచు వాలి కరగకుండా అలాగే ఉంది. తలగుడ్డ కింద చెవి మెల్లగా ఎర్రబడుతోంది. ఆ ఎరుపు మెడ దాకా దిగింది. అతని భుజాలు వంగాయి, లేచాయి. ఆమె చూస్తూనే ఉంది.

"రాను," అన్నాడు చివరికి.

"ఎందుకని?"

అతను నోరు తెరిచాడు. అప్పుడే కింద నుంచి మోత వినిపించింది. ఠంగ్, ఠంగ్, ఠంగ్. ఎవరో పారతో ఇనుప మూతను కొడుతున్నారు. కాలువ పొంగితే ఆ వీధిలో అదే అలారం.

యామిలే చేతిలోని పార పడేసింది.

ఇద్దరూ పరిగెత్తారు. టోఫు దుకాణం ముందు రోడ్డు చెరువైంది. నవోతో మంచులో బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి కాలువలోకి దించి, పళ్లు బిగించి లాగాడు. దిండంత మంచుముక్క బయటికొచ్చింది. నీళ్లు ఒక్కసారిగా కిందికి గుంజుకుపోయాయి. కానీ దుకాణంలోకి దూరాల్సినవి దూరిపోయాయి.

ఒయికావా ఆ ముక్కను చూశాడు. తర్వాత వీధి పైకి చూశాడు. తెరిచి ఉన్న మూత అక్కడొక్కటే.

మధ్యాహ్నం వీధి హాల్లో చాపల మీద అందరూ కూర్చున్నారు. కిరోసిన్ హీటర్ బుస్సుమంటోంది. యామిలే ముందుకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, నుదురు చాపకు తాకేలా వంగింది.

"తప్పు నాది. ఎప్పుడు వేశానో నాకే తెలీదు. నేను జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. ఇల్లు ఖాళీ చెయ్యమంటే చేస్తాను. సెత్సుకో గారికి మాత్రం క్షమాపణ..."

వెనక ఎవరో గట్టిగా తుమ్మారు.

"ఆవిడది కాదు," అన్నాడు నవోతో. అతని చొక్కా చెయ్యి ఇంకా తడిగానే ఉంది. "ఆ ముక్క నేను వేశాను."

హాలంతా తిరిగి చూసింది.

"నువ్వా?" ఒయికావా నవ్వబోయి ఆగాడు. "నడక రాకముందే పార పట్టినవాడివి. మీ కొంప ముంచే ముక్క నువ్వే ఎలా వేస్తావురా?"

"చూసుకోలేదు."

"ఆ పూట ఎక్కడ పెట్టావు కళ్లు?" అడిగింది ఒక మామ్మ.

నవోతో చాపకేసి చూశాడు. హీటర్ వైపు చూశాడు. ఇక చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

"ఈవిడ మీద," అన్నాడు.

టీ కప్పులు గాల్లో ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఒయికావా గొంతు సవరించుకున్నాడు. "ఎందుకని అడగను. విచారణ కాబట్టి అడుగుతున్నాను, ఎంతసేపు చూశావు?"

"ఈ చలికాలమంతా."

ఎదురింటి మామ్మ పక్కావిడను మోచేత్తో పొడిచింది. నవోతో యామిలే వైపు తిరిగాడు. ఇప్పుడతనికి హాల్లో ఇంకెవరూ కనబడుతున్నట్టు లేదు.

"స్టేషన్‌కి ఎందుకు రానన్నానో చెప్పేలోపే మూత మోగింది. వస్తే మిమ్మల్ని రైలెక్కనివ్వను. అందుకని."

యామిలే లేచింది.

"పెద్దాయనా, నేనూ ఒక మాట చెప్పాలి. ఆయన ఆ ముక్క వేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చెయ్యి చాపితే అందేంత దూరంలో. చూసి ఉంటే ఆపేదాన్ని. నేను చూడలేదు."

"మరి నువ్వెక్కడ చూస్తున్నావమ్మా?"

"ఆయన్నే."

హాలు పగిలిపోయేలా నవ్వారు. ఒక తాతగారు టీ ఒలకబోసుకున్నాడు. ఆ గోలంతా ఒక్క క్షణంలో చల్లారిపోయింది. సెత్సుకో లేచి నిలబడింది. రెండుసార్లూ మునిగింది ఆమె ఇల్లే. ఆమె మాట దాటి ఆ వీధి చెయ్యెత్తదని అందరికీ తెలుసు.

ఆమె కొడుకును చూసింది. యామిలేను చూసింది.

"నష్టపోయింది నేను గనుక తీర్పు నాది," అంది సెత్సుకో. "వీడి చేతికి ఇకమీద పార ఇవ్వకండి. అమ్మాయికి ఇల్లు ఇవ్వండి. పై ఇంటికీ కింది ఇంటికీ ఈ వీధిలో తాతల నాటి నుంచి తగువే. రెండిళ్లూ ఒకటైతే పీడా వదుల్తుంది."

ఎన్ని చేతులు లేచాయో ఒయికావా లెక్కపెట్టలేదు. లేవని చెయ్యి ఉందేమోనని వెతికాడు. కనబడలేదు.

"అయినా తప్పు తప్పే," అన్నాడు మొహం బిగించుకుని. "ఇద్దరూ కలిసి చేశారు గనుక రేపు ఇద్దరూ కలిసి ఆ దుకాణం కడగాలి."

"రేపటిదాకా నా తొట్లు నీళ్లలో ఉండవు. ఇప్పుడే," అంది సెత్సుకో బూట్లు తొడుక్కుంటూ.

బయట ఎండ కాసింది. కప్పుల మీంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె ముందు నడిచింది. వెనక ఇద్దరూ కూతవేటు దూరంలో, ఒకరి భుజానికి ఒకరి భుజం రాసుకుంటూ వచ్చారు. ఎవరి చెయ్యి ముందు కదిలిందో ఎదురింటి మామ్మ కూడా తర్వాత చెప్పలేకపోయింది.

దుకాణం గుమ్మంలో రెండు తుడుపుకర్రలు పుచ్చుకుని నిలబడి ఉంది సెత్సుకో.

"ఆ చేతులు వదిల్తేనేగా ఇవి పట్టుకోగలరు," అంది.

ఇద్దరూ బుద్ధిగా తలూపారు. చెరోవైపు ఖాళీగా ఉన్న చెయ్యి ముందుకు చాపారు.