బూరెకు పెట్టిన ప్రసాదం

"ఎవరు పెట్టారు? దీనికి ప్రసాదం ఎవరు పెట్టారో చెప్పండి!"

రాగిణి కేకకి ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ ఇల్లంతా ఒక్కసారిగా అదిరిపడింది. అప్పుడే సత్యనారాయణ వ్రతం పూర్తయింది. హారతి పళ్ళెం ఇంకా చల్లారనే లేదు! వ్రతానికి వచ్చినవాళ్ళంతా పేపర్ ప్లేట్లు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు. లాండ్రీ రూమ్ గుమ్మానికి అడ్డంగా పెట్టిన చిన్న గేటు అవతల, నేల మీద నాకేసిన ప్లేటు... దాని అంచున నేతిలో వేగి ఉబ్బిన కిస్‌మిస్ ఒక్కటి... పక్కనే మూతి నాక్కుంటూ, తోకాడిస్తూ బూరె!

బూరె ఆ ఇంటి కుక్క. తల్లి చివావా అట, తండ్రి ఎవరో ఆ భగవంతుడికే తెలియాలి! గుండ్రంగా, ఎర్రగా వేగిన బూరెలా ఉందని రాగిణి కూతురు నైనిక దానికి ఆ పేరు పెట్టింది. రాగిణికి వర్క్ పర్మిట్ రాని రోజుల్లో, భర్త దివాకర్ ఆఫీసుకీ, పిల్ల స్కూలుకీ వెళ్ళిపోతే, కిటికీ నిండా మంచు తప్ప మనిషన్నవాడు కనిపించని ఆ ఇంట్లో ఆమె తెలుగు మాటలు విన్న ప్రాణి అదొక్కటే! ఆమె ఏడిస్తే వచ్చి ఒళ్ళో ముడుచుకునేది. నవ్వితే ఇల్లంతా గిరగిరా తిరిగేది. ఇప్పుడు ఉద్యోగం వచ్చినా, సాయంత్రం గరాజ్ తలుపు చప్పుడు కాగానే బూరె మొరుగు వినిపిస్తేనే రాగిణికి ఇల్లు చేరినట్టుండేది.

అలాంటి బూరెకి ఆ ఇంట్లో ఇవాళే ఆఖరి రోజు! సాయంత్రం దివాకర్ కొలీగ్ శ్రేయాస్ వచ్చి తీసుకుపోతాడు. దీనికంతటికీ కారణం అత్తగారు సుబ్బులుగారు. అమలాపురం నుంచి వేసవిలో వచ్చీ రాగానే, "మడీ ఆచారం ఉన్న ఇంట్లో కుక్కేమిట్రా? అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి!" అని తేల్చేశారావిడ. దివాకర్ తల్లికి ఎదురు చెప్పలేడు, పెళ్ళాం మొహమూ చూడలేడు. ముందు గేటు పెట్టి రోజులు నెట్టాడు, చివరికి శ్రేయాస్‌ని వెతికాడు.

"కాస్త ప్రసాదమేగా రాగిణీ... ఏమవుతుంది?" అన్నాడతను మెల్లగా.

"అందులో కిస్‌మిస్‌లు ఉన్నాయండీ! కుక్కలకి అవి విషం! కిడ్నీలు పోతాయని డాక్టర్ ఎన్నిసార్లు చెప్పలేదూ?"

"నైనీ, నువ్వేనా?"

"నేను కాదు డాడీ, ప్రామిస్! గ్రేప్స్ బ్యాడ్ అని నాకు తెలుసు!" పిల్ల బావురుమంది.

రాగిణి చూపు దేవుడి మందిరం దగ్గర మడి పట్టుచీరలో బిగుసుకుపోయి నిలబడ్డ అత్తగారి మీద పడింది. పదేళ్ళ కాపురంలో ఏనాడూ ఆవిడ ముందు గొంతు పెంచని కోడలు ఆ క్షణంలో ఒళ్ళు మరిచిపోయింది.

"ఎలాగూ సాయంత్రం పంపించేస్తున్నారుగా అత్తయ్యా! ఈలోగా విషం కూడా పెట్టాలా? నోరులేని దాని మీద అంత కసేమిటండీ మీకు?"

సుబ్బులుగారు నేల మీది ప్లేటు వైపు ఒక్కడుగు వేసి ఆగిపోయారు.

రాగిణి బూరెని గుండెలకి హత్తుకుని కార్‌లోకి పరిగెత్తింది. నైనికని వ్రతానికి వచ్చినవాళ్ళకి అప్పగించి దివాకర్ కారు తీస్తుండగా వెనక తలుపు తెరుచుకుంది. చెప్పులైనా వేసుకోకుండా సుబ్బులుగారు! మడి కట్టుకుంటే కన్నకొడుకుని కూడా నాలుగడుగులు దూరం జరగమనే మనిషి, "ఇటివ్వు దాన్ని, నేను పట్టుకుంటాను" అంటూ కుక్కని లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నారు! బూరె భయంతో ఆ పట్టుచీర మీదే తడిపేసింది. ఆవిడ కదల్లేదు. "ఏం కాదురా నాన్నా, ఏం కాదు..." అంటూ దారి పొడుగునా దాని వీపు నిమురుతూనే ఉన్నారు.

"ఎన్ని కిస్‌మిస్‌లు తిని ఉంటుంది?" హాస్పిటల్లో అడిగింది కుక్కల డాక్టరమ్మ.

"ఒకటో, రెండో..." రాగిణి నసిగింది.

దివాకర్ తెలుగులో చెప్పగానే సుబ్బులుగారు భోరుమన్నారు.

"కాదురా... గుప్పెడు! నా ప్లేట్లోవన్నీ ఏరి ఏరి దానికే పెట్టాను! చిన్నప్పుడు నీకూ ఇలాగే ఏరి పెట్టేదాన్ని కదరా..."

డాక్టరమ్మ ఇంక ఒక్క క్షణం ఆగలేదు. వాంతి చేయించడానికి బూరెని ఎత్తుకుని లోపలికి పరిగెత్తింది. తలుపు మూసుకుంది.

"మీకు అదంటే గిట్టదు కదా అత్తయ్యా?" అంది రాగిణి.

"మొదట్లో గిట్టలేదే అమ్మాయ్! కానీ మీరంతా వెళ్ళిపోయాక పొద్దస్తమానం నాకు దిక్కెవరు? గేటుకి ఇవతల కుర్చీ వేసుకుని దానితోనే మాట్లాడేదాన్ని. ఈ ముసలిదాని సోది అంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు! పంపొద్దురా అని నోటిదాకా వచ్చేది... పెద్దముండాదాన్ని, అన్న మాట ఎలా మింగను? ఇవాళ కథ చదువుతున్నంతసేపూ గేటు సందులోంచి నన్నే చూసిందే! ప్రసాదం తినకుండా వెళ్ళినవాళ్ళ గతేమిటో విన్నాంగా. సాయంత్రం గడప దాటే ప్రాణిని ఒట్టి నోటితో ఎలా పంపేది?"

రాగిణికి దుఃఖం ఆగలేదు. తను కూడా ఒకప్పుడు ఇలాగే కుర్చీ వేసుకుని కూర్చునేది! ఆ ఇంట్లో ఒంటరితనం ఎలా ఉంటుందో తెలిసి కూడా, అత్తగారికి అది ఉంటుందని ఒక్కరోజైనా అనుకోలేదే...

"ఎంత మాటన్నాను అత్తయ్యా! నన్ను క్షమించండి!" అంటూ ఆవిడని చుట్టేసుకుంది. అంతలోనే ఉలిక్కిపడి, "అయ్యో, మీ మడి..." అంది.

"ఇంకెక్కడి మడే! నీ కుక్క ఎప్పుడో కలిపేసింది" అన్నారు సుబ్బులుగారు ఏడుస్తూనే. తర్వాత కొడుకు వైపు తిరిగారు. "ఒరేయ్, ఆ శ్రేయాస్‌కి ఫోన్ చెయ్యి. మా ఇంటి పిల్లని ఎవరికీ ఇవ్వం, రావద్దని చెప్పు!"

కిస్‌మిస్‌లన్నీ కక్కేసిందనీ, వెంటనే తేవడం మంచిదైందనీ డాక్టరమ్మ వచ్చి చెప్పాకగానీ ఎవరికీ ఊపిరి ఆడలేదు. సెలైన్ పెట్టి రెండ్రోజులు ఉంచుకున్నారు. రక్తపరీక్షలు బాగా వచ్చాయని ఫోన్ రాగానే నలుగురూ కారెక్కారు. గేటు అప్పటికే గరాజ్‌లో మూలపడింది. దాన్ని పీకించింది ఎవరో చెప్పక్కర్లేదు!

హాస్పిటల్ హాలు నిండా జనం, ఎవరి కుక్కలు వాళ్ళవి. లోపలి తలుపు తీసి నర్సు పిలిచింది.

"బూరె ఫ్యామిలీ?"

అందరికంటే ముందు, ఇంగ్లీషు ముక్క రాని సుబ్బులుగారు లేచి నిలబడ్డారు.

"మేమే తల్లీ! మేమే!"