ముందే చెప్పిన ఓదార్పు

నరసరావుపేటలోని ఆ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో ఒక పద్ధతి ఉంది. సార్ బోర్డు మీద వాక్యం రాస్తాడు. పక్కవాళ్లకు నిజంగానే కష్టం వచ్చినట్టు మొహం పెట్టి ఆ మాట వాళ్లకు చెప్పాలి. ఆ వారం ఓదార్పు మాటలు.

షబీనా అర్చనతో "హార్డ్ లక్" అంది. ఆ సాయంత్రమే అర్చన స్కూటీ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. మర్నాడు చిన్నప్పకు "సారీ ఫర్ యువర్ లాస్" చెప్పింది. అతను థాంక్యూ అనేలోపే ఫోన్ మోగింది. వాళ్ల తాత పోయాడట.

ఇక చూసుకోండి, షబీనా చుట్టూ కుర్చీలన్నీ ఖాళీ. రాని కష్టానికి ముందే ఓదార్చే నోరు ఎవరికి కావాలి? పాపం, ఆ పిల్లకు తన గొంతంటే తనకే భయం పట్టుకుంది. అన్నిటికంటే పెద్ద దిగులు జిలానీ గురించి. మోటార్లు రిపేరు చేస్తూ అదే క్లాసుకొచ్చే జిలానీ అంటే ఆమెకు ప్రాణం. పొరపాటున అతనితో ఏమంటుందోనని, కనబడితే చాలు మొహం తిప్పుకొనేది.

శనివారం ముసురు పట్టింది. క్లాసులో మధ్యాహ్నమే చీకటి. జిలానీ తడిసిన చొక్కాతో వచ్చి తిన్నగా ఆమె పక్కనే కూర్చున్నాడు. బోర్డు మీద "బెటర్ లక్ నెక్స్ట్ టైమ్" అని ఉంది.

"అది నాకు చెప్పు," అన్నాడు.

"నీకు చెప్పను. లేచి అవతల కూర్చో."

"రేపు రొంపిచెర్లలో పిల్లని చూడ్డానికి పోతన్నాం. మా అమ్మీ ఖాయం చేసుకునే వచ్చేట్టుంది. అది చెడిపోవాల. నీ నోటితో చెప్పు షబీనా."

ఎందుకు చెడిపోవాలో ఆమె అడగనక్కర్లేదు, అతని చూపులోనే ఉంది. వద్దనుకుంటూనే పెదవులు కదిపింది. మాట తనది కాని గొంతుతో, చల్లగా బయటికొచ్చింది.

కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో జిలానీ ఫోన్ మోగింది. వాళ్ల అమ్మీ. రొంపిచెర్ల పిల్ల ఈ సంబంధం వద్దందట, రేపు రావద్దని వాళ్లు ఇప్పుడే కబురు చేశారట.

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. అతని చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. షబీనాకు ఏడుపొచ్చింది.

"నేనంటే నీక్కూడా భయమేసిందిగా?"

"చానా భయమేసింది," అన్నాడు జిలానీ. కుర్చీని మాత్రం ఇంకాస్త దగ్గరికి జరుపుకొన్నాడు. "అయినా నీ పక్కన్నుంచి లేవను. శుక్రవారం మా అమ్మీని మీ ఇంటికి తీసుకొస్తా. సరేనా?"

అతనికి ఏమీ కాకూడదు. సరే అనడానికి కూడా నోరు తెరిచే ధైర్యం లేక, షబీనా అతని చెయ్యి గట్టిగా పట్టుకుని తల ఊపింది.