గోరుకు తగిలిన మెట్టు

తాళం ఎవరూ పగలగొట్టలేదు. పెట్టె మాత్రం ఖాళీ.

పంజగుట్టలో జానకీదేవి ఫ్లాట్. పడకగదిలో కొత్త వార్డ్‌రోబ్. అడుగు సొరుగు వెనక ఎవరి కంటా పడని చిన్న పెట్టె. చనిపోయిన కూతురు ధాత్రి గొలుసు దాచుకోవడానికే ఆమె దాన్ని చేయించుకుంది. సోమవారం గొలుసు అందులో పెట్టింది. శుక్రవారం పొద్దున చూస్తే లేదు.

ఎస్సై సుకన్యకు కేసు తేలిగ్గానే తేలింది.

వార్డ్‌రోబ్ తయారైంది అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులోని రామ్మోహనరావు వర్క్‌షాప్‌లో. పలకలు కోసింది దినేశ్. తాళం బిగించింది దినేశ్. సోమవారం బిగింపు కాగానే పని మానేశాడు. మంగళవారం కొలత టేపు మర్చిపోయానంటూ మళ్లీ ఫ్లాట్‌కు వచ్చాడు. శుక్రవారం యూసుఫ్‌గూడ గదిలో బ్యాగు సర్దుతూ దొరికాడు.

తాళం చెక్కుచెదరలేదంటే దొంగ దగ్గర మారుతాళంచెవి ఉండాలి. బిగించినవాడికి అదెంత పని?

ఇవాళ శనివారం. సాయంత్రానికి అతన్ని రిమాండ్‌కు పంపాలి.

"గొలుసు ఏడ పెట్టినవ్?"

"తీస్తే కదా మేడమ్, పెట్టుడు."

"మరి ఊరెందుకు ఇడుస్తున్నవ్?"

"మా అమ్మ వజ్రమ్మ ఎర్రగడ్డ మెంటల్ దవాఖానల ఉంది. ఇయ్యాల డిశ్చార్జి. ఊరికి తీస్కపోదామని పని ఇడ్సిపెట్టిన." దినేశ్ చేతులు జోడించాడు. "ఐదింటికి గేటు కాడ ఉంటనని చెప్పిన. మా నాయిన సుత గిట్లనే, జర కూసో వస్తనని పోయిండు. మళ్ల రాలే. గప్పటిసంది ఆమె గట్లయింది. నేను సుత పోకపోతే..."

దొంగలు తల్లుల కథలు చెప్పడం సుకన్యకు కొత్త కాదు. అయినా ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"పొద్దటిసంది మూట ఒళ్లో పెట్టుకొని కూసున్నది మేడమ్," అంది నర్సు. "అన్నం సుత తినలే."

ఫోన్ పెట్టేశాక సుకన్యకు కుర్చీలో కుదురు లేకపోయింది.

కానిస్టేబుల్ అనుదీప్ దినేశ్ బ్యాగు విప్పాడు. పాత లుంగీలో చుట్టిన రెండు గుండ్రటి రంపపు బ్లేడ్లు. ఒకటి పళ్లెమంత. ఇంకొకటి అరచేయంత.

"మేడమ్, గీ పళ్ల చక్రాలను ఆయుధాల కింద రాయాల్నా?"

"నా జోడీ అన్నా అది," అన్నాడు దినేశ్. "ఏ షాపుల చేసినా నా బ్లేడ్లు నేనే తెచ్చుకుంట. పోయేటప్పుడు తీస్కపోత."

"బ్యాటు నాది, నేను పోతే ఆట బంద్ అన్నట్టా?"

అనుదీప్ నవ్వాడు. సుకన్య నవ్వలేదు. టోపీ అందుకుని లేచింది.

తాళం ముట్టకుండా పెట్టెలోకి ఇంకో దారి ఉందేమోనని, ఫ్లాట్‌లో ఆమె అడుగు సొరుగు పూర్తిగా బయటికి లాగింది. పెట్టె పక్క పలక కనబడింది. మరలు విప్పి పలక చేతిలోకి తీసుకుంది. లోపల ఉండేది కాబట్టి, కోసిన అంచును కప్పే టేపు దానికి అంటించలేదు. అంచు మీద గోరు నడిపింది.

ఏదో తగిలింది.

మిగతా పలకల లోపలి అంచులు కూడా తడిమింది. అన్నీ నున్నగా ఉన్నాయి.

"దినేశ్ కాక ఇంకెవరన్న వచ్చిండ్రా అమ్మా?" జానకీదేవిని అడిగింది.

"బుధవారం వంశీకృష్ణ వచ్చాడండి. రామ్మోహనరావు గారి బావమరిది. తలుపు కీలు సరిచేస్తానన్నాడు. పొయ్యి మీద పాలున్నాయని నేను వంటింట్లోకి వెళ్లాను."

నాలుగు దాటింది. వర్క్‌షాప్‌లో పలకలు కోసే పెద్ద రంపపు మెషిన్, స్లైడింగ్ టేబుల్ సా, చుట్టూ అందరూ నిలబడ్డారు. జానకీదేవి, రామ్మోహనరావు, వంశీకృష్ణ. అనుదీప్ పక్కన దినేశ్. అతని కళ్లు గోడ గడియారం మీదే ఉన్నాయి.

"ఈ మెషిన్‌ల రెండు బ్లేడ్లెందుకు సార్?" సుకన్య అడిగింది.

"ముందున్న చిన్నది స్కోరింగ్ బ్లేడ్ అమ్మా," అన్నాడు రామ్మోహనరావు. మెషిన్ గురించి అడిగితే ఆయనకు హుషారు. "పలక అడుగున సన్నగా గాటు పెడుతుంది. వెనకాల పెద్దది, మెయిన్ బ్లేడ్, ఆ గాట్లోంచే కోసుకుపోతుంది. అందుకే సన్‌మైకా పెచ్చులు లేవదు."

"రెండిటి మందం కుదరకపోతే?"

"చిన్నది వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి, అంతే. తక్కువైతే పెచ్చులు. మరీ ఎక్కువైతే అంచున మెట్టు పడుతుంది."

"ఇప్పుడున్న జోడీ?"

"దినేశ్ తనది పట్టుకెళ్లాడుగా. ఇది షాపుది. పెద్దదాన్ని సాన పట్టించీ పట్టించీ పళ్లు సన్నబడ్డాయి. చిన్నదేమో కొత్తది. ఆ రెండూ..."

"ఒక ముక్క కొయ్యండి."

రంపం రయ్యిమంది. తెగిన అంచు మీద సుకన్య గోరు నడిపింది. మెట్టు.

"ఇప్పుడు దినేశ్ జోడీ ఎక్కించండి."

ఈసారి గోరు ఎక్కడా ఆగలేదు.

సుకన్య సంచీలోంచి పెట్టె పలక తీసింది.

"వార్డ్‌రోబ్ మొత్తం నున్నగ ఉంది. గీ పలకకే మెట్టుంది. అంటే ఇది దినేశ్ పోయినంక కోసింది. దొంగ తాళం జోలికే పోలే. సొరుగు లాగిండు, జిగురుతోని అతికిన పక్క పలక ఊడదని పగలగొట్టిండు, గొలుసు తీసిండు. ముందే కోసి తెచ్చిన కొత్త పలక మరలతోని బిగించిండు. మనం తాళంచెవి ఎవరిదని తిరిగినం. సోమవారం సంది ఈ మెషిన్ మీద కోస్తున్నది ఎవరు సార్?"

రామ్మోహనరావు తన బావమరిది ముఖంలోకి చూశాడు.

"టేపు లేని లోపలి అంచు మేడమ్ గారూ," అన్నాడు వంశీకృష్ణ నీరసంగా. "ఎవరు తడుముతారనుకున్నాను."

"గొలుసు ఏది బాబూ?" జానకీదేవి అడిగింది.

"కొన్నవాళ్లు కరిగించేశారండి."

"దాని కొక్కెంలో ధాత్రి వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉండేది," అంది ఆమె. "తీయకుండా అలాగే ఉంచాను."

వంశీకృష్ణను అనుదీప్‌కు అప్పగించి, సుకన్య దినేశ్‌ను జీపు ఎక్కించింది.

ఎర్రగడ్డ రోడ్డంతా ట్రాఫిక్. సైరన్ వేసినా జీపు నత్తలా కదిలింది. ఐదు ఎప్పుడో దాటిపోయింది. సుకన్య రెండుసార్లు డ్రైవర్‌ను కసిరింది.

గేటు పక్క అరుగు మీద, మూట ఒళ్లో పెట్టుకుని, వజ్రమ్మ కూర్చునే ఉంది. దినేశ్ పరుగెత్తి వెళ్లి ఆమె చేతులు పట్టుకున్నాడు.

"అమ్మా, నేనొచ్చిన. జర లేటయింది."

వజ్రమ్మ అతని చెంప తడిమింది. తల ఊపింది. తర్వాత అతని భుజం మీదుగా జీపులోకి తొంగి చూసింది.

"మీ నాయిన దిగుతలేడేంది బిడ్డా?"

జీపు తలుపు వేయబోతున్న సుకన్య, దాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయింది.