అలుగు మూసిన చేతులు

అసురసంధ్య వేళ... అమావాస్య ఆకాశం కాటుక పూసుకుని ఫిల్మ్‌నగర్ గుట్టల మీదికి వంగింది. బండల సందున ఎక్కడో గుడ్లగూబ కూసింది... దానికి జవాబుగా ఓ ఉరుము!

గుట్టల నడుమ చిన్న మట్టికట్ట నల్లని కొండచిలువలా పడుకుని ఉంది. జూబ్లీహిల్స్ రోడ్ల మీద కురిసిన వాన ఒక్కపెట్టున దిగువ బస్తీ మీద పడకుండా ఆపడానికి కట్టిన కట్ట అది. వచ్చిన నీరు కాసేపు నిలిచి, నిండగానే పక్కనున్న అలుగు మీంచి పొర్లి కాలువలోకి పోతుంది. అక్కడ నీళ్ళకంటే తుమ్మచెట్లు కనిపించే రోజులే ఎక్కువ.

ఇవాళ మాత్రం నీరు అంచుదాకా ఉంది. కదలకుండా... రెప్పవాల్చని శవనేత్రంలా...

ఆ అలుగును మూసింది శ్రీకాంత్.

అతను సినిమా సెట్లు వేసే ఆర్ట్ డిపార్ట్‌మెంటులో అసిస్టెంటు. సెంట్రింగ్ పని చేసుకు బతికే ఇంట్లోంచి సివిల్ ఇంజనీరింగ్ పట్టా తెచ్చిన మొదటివాడు. క్షుద్రపూజ సీనుకు ఫ్రేము నిండా నీళ్ళు కావాలన్నాడు డైరెక్టర్ పృథ్వీరాజ్.

"అలుగు మూస్తే కట్టకి మంచిది కాదు సార్."

"ఒక్క షెడ్యూలే కదయ్యా. నువ్వు సెట్టు వెయ్యడానికొచ్చావా, నాగార్జునసాగర్ కట్టడానికొచ్చావా?"

యూనిటంతా నవ్వింది. శ్రీకాంత్ కూడా నవ్వాడు. నవ్వుతూనే అలుగు మీద ఇసుక మూటలు పేర్పించి, పైన ఫైబర్ బండలు అతికించాడు.

అంతటితో ఆగలేదు... కట్టకు కాపలాగా పసుపు కుంకుమలతో వెలసిన కట్టమైసమ్మ రాయి కెమెరాకు అడ్డొస్తోందన్నారు. నలుగురి చేత గడ్డపారలతో పెకలింపజేసి, దాన్ని ప్రాపర్టీ వ్యానులో థర్మకోల్ పుర్రెల మధ్య పడేయించాడు. ఆ ఖాళీ గుంటలోంచి కట్ట గర్భంలోకి భుజం పట్టేంత బొరియ తవ్వి, నిజమైన నరకపాలం ఒకటి పాతిపెట్టాడు కాలకపాలి. పూజ ఒరిజినల్‌గా ఉండాలని నిర్మాత పిలిపించిన మాంత్రికుడు వాడు. వాడు తవ్వుతున్నప్పుడు శ్రీకాంత్ పక్కనే నిలబడి టార్చి పట్టుకున్నాడు. కట్టకు బొరియ చెయ్యకూడదని తెలిసీ నోరు మెదపలేదు.

పైన జూబ్లీహిల్స్ మీద వాన మొదలైంది. యాక్షన్ అన్నారు. హోమజ్వాలలు లేచాయి. జుట్టు విరబోసుకున్న నాగేశ్వరి ఊగసాగింది. ఆమె జూనియర్ ఆర్టిస్టు, ఇల్లు ఈ కట్ట కిందనే. ఇద్దరు పిల్లలకు అన్నం పెట్టి, పూనకం వచ్చిన ఆడదాని వేషానికి వచ్చింది.

కట్ చెప్పారు. ఆమె ఆగలేదు...

గిరగిరా తిరుగుతూ వచ్చి సరిగ్గా శ్రీకాంత్ ఎదుట నిలిచింది. కళ్ళు చింతనిప్పులు. వరదలో బండరాళ్ళు దొర్లినట్టుంది గొంతు.

"నన్ను యాడ దాచినవ్ బిడ్డా? నా తొవ్వకు మూటలడ్డం వెట్టి, నన్ను బండిల ఏస్తివి. గిదేనా నువ్ సదివిన సదువు?"

"భలే చేస్తోంది, కెమెరా ఆపకండి," అన్నాడు పృథ్వీరాజ్.

శ్రీకాంత్ తల తిప్పాడు. చూపు బొరియ మీద పడింది. అందులోంచి నీరు ఊరుతోంది. తేటగా కాదు... ఎర్రగా, చిక్కగా, కట్ట నెత్తురోడుతున్నట్టు. తేట ఊటకు భయం లేదు. బురద ఊట వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న వాక్యం!

"కట్ట తెగుతుంది సార్! కింద ఇళ్ళున్నాయి!"

అసిస్టెంట్ డైరెక్టర్ వందన మైకు లాక్కుని బస్తీలోకి పరుగెత్తింది. కాలకపాలి వికటంగా నవ్వాడు.

"దేవత లేని కట్ట... బస్తీకి బస్తీయే బలి! ఇంతటి బలి ఏ మాంత్రికుడికి దక్కింది? అలుగు ముట్టినవాడు నెత్తురు కక్కుకుని చస్తాడు!"

శ్రీకాంత్ వ్యాను దగ్గరికి ఉరికాడు. నలుగురు మొయ్యలేక మోసిన రాయి... నిద్రపోతున్న పసిపిల్లలా తేలిగ్గా అతని గుండెల మీదికి వచ్చింది. అలుగు ఒడ్డున దించి మూటలు లాగసాగాడు. ముక్కులోంచి నెత్తురు. నోట్లో ఇనుప రుచి. గుండెను ఎవరో పిడికిట నలుపుతున్నారు. చస్తే చస్తాను, పెట్టిన చేతులే తియ్యాలి అనుకున్నాడు... చివరి వరుస కదిలింది. నీరు సింహగర్జనతో అలుగు దూకింది!

మట్టం దిగుతుంటే కాలకపాలికి పిచ్చెత్తింది. బొరియలో కపాలం వదులవుతోంది. అది జారితే తన మంత్రం తనకే ఎదురుతిరుగుతుంది. భుజందాకా చెయ్యి దూర్చి దాన్ని ఒడిసిపట్టాడు.

నాగేశ్వరి కాలెత్తి కట్టమీద తొక్కింది.

మట్టి మూసుకుంది. వాడి మోచెయ్యి... భుజం... మెడ... "లాగండ్రా!" అన్న కేక సగంలోనే బురదైపోయింది. ఆకాశం పగిలేలా పిడుగు! ఆ వెలుగులో రాయి దానంతటదే దొర్లుతూ వచ్చి, తన పాత చోట కూర్చుంది.

వాన వెలిసింది. రాయి కింద ఊట ఆగిపోయింది, తడి కూడా లేదు. వందన వెంట గుట్ట మీదికి పారిపోయిన బస్తీవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని ఒక్కొక్కరే దిగి వచ్చారు. ఎవరో శ్రీకాంత్ భుజం తట్టారు. ఇంకెవరో దండం పెట్టారు. ఆ దండం అతనికి చెంపదెబ్బలా తగిలింది.

నాగేశ్వరి పిల్లలిద్దరినీ చెరో చంకన ఎత్తుకుని దగ్గరికి వచ్చింది.

"మూటలు నువ్వే తీసినవంట గద తమ్మీ. సల్లగుండు."

శ్రీకాంత్ తల ఎత్తలేకపోయాడు. అవుననేసి ఊరుకుంటే సరిపోయేది.

"పెట్టించింది కూడా నేనే అక్కా. తెలిసే పెట్టించాను. రాయి తీయించిందీ నేనే."

ఆమె చిన్నదాన్ని కిందికి దించింది. తర్వాత అదే గొంతు... వరదలో బండలు దొర్లే గొంతు, ఈసారి మెల్లగా...

"నాకెరుకే బిడ్డా. గందుకే నీ చేతులతోనే తీపిచ్చిన."

ఉలిక్కిపడి చూశాడు. నాగేశ్వరి చిన్నదాని ముక్కు కొంగుతో తుడుస్తోంది.

"ఏమన్నవ్ తమ్మీ? నీళ్ళ చప్పుడుకు ఇనవడలే."

అలుగు పారుతోంది. ఇంకొకసారి చెప్పడానికి శ్రీకాంత్ గొంతు సవరించుకున్నాడు. ఈసారి బస్తీ అంతటికీ వినపడేలా.